పౌరుని విధి

మా తోటికోడలు ఏ మాట విన్నా "అయితే?" అంటుంది. వాన పడుతోందంటే అయితే అంటుంది, బస్సు వెళ్ళిపోయిందంటే అయితే అంటుంది. కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తయ్య, "మా ఇంట్లో తెల్లారేసరికి లేస్తారమ్మా" అని మర్యాదగా చెబితే, దానికీ "అయితే?" అనే అంది. అందులో పొగరేమీ లేదు. ఆ తరువాతి మాట ఏమిటో వినాలన్న ఆత్రం, అంతే. ఈ ముక్క అర్థం కావడానికి మా అత్తయ్యకు ఏడాది పట్టింది. నాకు ఇంకొంచెం ఎక్కువే పట్టింది, ఎందుకంటే నాకు కోపం ముందు, ఆలోచన వెనక. ఆస్పత్రి లాండ్రీలో ఆమెతో పాటు పనిచేసేవాళ్ళు ఆమెను ‘అయితేగారు’ అంటారు. ఆ పేరుతో పిలిస్తే పలుకుతుంది కూడా.

మేమిద్దరం అన్నదమ్ముల భార్యలం. ఒకే ఇల్లు, ఒకే వంటగది. నేను పెద్దదాన్ని. ముందు గదిలో కుట్టుమిషను వేసుకుని స్కూలు యూనిఫారాలు కుడతాను. మా ఆయన ఇళ్ళకు కరెంటు వైరింగు చేస్తాడు, మరిది సరుకుల వ్యాను నడుపుతాడు. ఇద్దరూ పొద్దున పోయి పొద్దుపోయాక వచ్చేవాళ్ళే కాబట్టి ఈ కథలో వాళ్ళతో పెద్ద పని లేదు. నేను పదో తరగతి మొదటిసారికే పాసయ్యాను. ఈ సంగతి మా వీధిలో అందరికీ తెలుసు, నేనే చెబుతుంటాను కాబట్టి.

ఆమె మాత్రం తొమ్మిదితో ఆపేసింది. ఆ ఏడు వాళ్ళమ్మ మంచాన పడితే ఇంటి పనంతా ఆమె మీద పడింది. మళ్ళీ బడి గుమ్మం ఎక్కే వీలు చిక్కలేదు. పెళ్ళయ్యాక, కూతురు నడక నేర్చాక, ఆస్పత్రి లాండ్రీలో చేరింది.

ఆ లాండ్రీని నేను ఒకటి రెండుసార్లు చూశాను. ఆస్పత్రి వెనకవైపు, వంటశాల దాటాక, రేకుల కప్పు ఉన్న పొడవాటి షెడ్డు. వార్డుల నుంచి మాసిన దుప్పట్లు తోపుడు బండ్ల మీద వస్తాయి. నెత్తురు మరకలున్నవి ఒక పక్కకు, మామూలువి ఒక పక్కకు వేరుచేస్తారు. మరకలవి బ్లీచింగు కలిపిన తొట్లలో నానేస్తారు. అక్కడి నుంచి మిషనుకు, మిషను నుంచి వేడి రోలరుకు పోతాయి. మా తోటికోడలిది తొట్ల దగ్గర పని. రబ్బరు తొడుగులు ఇస్తారు, ఇవ్వరని కాదు. కానీ అవి తడి బట్ట బరువుకు వేళ్ళ దగ్గర చిరుగుతాయి. చిరిగాక లోపలికి దిగిన నీళ్ళు లోపలే నిలుస్తాయి. అది తొడుగు లేకపోవడం కన్నా అన్యాయం.

కొన్నేళ్ళకు ఆమె చేతులు పాడయ్యాయి. మొదట వేళ్ళ సందులు ఎర్రబడ్డాయి, తరువాత అరచేతులు గట్టిపడి పగుళ్ళిచ్చాయి. చలికాలంలో ఆ పగుళ్ళ నుంచి నెత్తురు వచ్చేది. అదే ఆస్పత్రిలో చర్మం డాక్టరుకు చూపించుకుంటే ఆవిడ పూత మందు రాసిచ్చి, "మందు నేను ఇస్తూనే ఉంటాను, నువ్వు తొట్లో చేతులు పెడుతూనే ఉంటావు. ఇది పని మారితే తగ్గే జబ్బమ్మా" అంది.

పని మారడానికి ఒకే ఒక దారి కనబడింది. లాండ్రీ పక్కనే ఉతికిన బట్టల స్టోరు ఉంది. అక్కడ నీళ్ళు లేవు, మందులు లేవు. మడతపెట్టిన దుప్పట్లు, తలగడ గలీబులు, ఆపరేషన్ గౌన్లు అరల్లో సర్ది, వార్డుల వాళ్ళు వచ్చినప్పుడు లెక్కచూసి ఇవ్వడమే పని. అక్కడున్న ముసలాయన మరుసటి ఏడాది వేసవి దాటాక పదవీ విరమణ చేస్తాడు. నర్సుల పైన ఉండే మేట్రనమ్మకు మా తోటికోడలంటే గురి. పిలిచి ఉన్న విషయం చెప్పింది. "ముసలాయన దిగేలోపు పదో తరగతి పాసైన కాగితం చేతికిస్తే ఆ కుర్చీ నీకే ఇప్పిస్తాను. లేకపోతే బయటి నుంచి ఎవరినో పంపుతారు, నా చేతిలో ఉండదు."

ఓపెన్ స్కూల్లో పేరు నమోదు చేయించుకుంది. లెక్కలు, భాష, సైన్సు అన్నీ ఒక్క ఊపులో గట్టెక్కింది. ‘ప్రభుత్వం, రాజకీయాలు’ అనే పేపరు దగ్గర మాత్రం బండి దిగబడింది. నవ్వొచ్చే సంగతి ఏమిటంటే, మా ఇంట్లో ప్రభుత్వం గురించి ఎక్కువ మాట్లాడేది ఆమే. బహుశా అందుకే తప్పింది. మొదటిసారి ‘ప్రభుత్వం ఎందుకు అవసరం?’ అన్న మొదటి ప్రశ్నకే అదనపు కాగితాలు అడిగి తీసుకుని రాస్తూ కూర్చుంది. గంట కొట్టాక చూసుకుంటే మిగతా ప్రశ్నలు అలాగే ఉన్నాయి. రెండోసారి అన్నీ రాసింది కానీ, పుస్తకంలో ఉన్నది వదిలేసి తనకు తోచింది రాసింది. ‘స్థానిక సంస్థల ఆదాయ మార్గాలేవి?’ అని అడిగితే ‘ఎన్ని ఉన్నా మా వీధి దీపం వెలగడం లేదు’ అని రాసి వచ్చిందట. కొద్దిలో పోయింది.

మిగిలింది ఒక్క పరీక్ష. అది తప్పితే మళ్ళీ పరీక్ష వచ్చేసరికి స్టోరు కుర్చీలో ఇంకెవరో ఉంటారు.

"ఈసారి నేను చెబుతా" అన్నాను. ఎవరూ నన్ను అడగలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, నాకు ఇంట్లో అలాంటి అవకాశం దొరక్క చాన్నాళ్ళయింది.

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, మొహం కడుక్కుని, చేతులకు మందు రాసుకుని నా మిషను పక్కన చాప మీద కూర్చునేది. నేను కుడుతూనే పాఠం చెప్పేదాన్ని. మొదటి రోజే షరతు పెట్టాను.

"నేను చెప్పింది చెప్పినట్టు పట్టు. అయితే అనకు."

"సరే. అనకపోతే?"

"అనకపోతే పాసవుతావు."

కాసేపు పెదాలు బిగించుకుని కూర్చుంది. నేను ప్రభుత్వంలోని మూడు శాఖలు చెప్పాను. చట్టాలు చేసేది ఒకటి, అమలు చేసేది ఒకటి, తప్పొప్పులు తేల్చేది ఒకటి. ఒకదాని పనిలో ఇంకొకటి వేలు పెట్టకూడదు. దీన్ని అధికార విభజన అంటారు, అని.

"అయితే మనింట్లో మూడూ అత్తయ్యవేగా అక్కా?"

అత్తయ్య గుమ్మంలోనే కూర్చుని చిక్కుళ్ళు తుంపుతోంది. ఆవిడకు చదువు రాదు కానీ చెవులు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. "అయితే ఏంటిప్పుడు? మూడూ ఒక్క చోట ఉండబట్టే ఇల్లు నడుస్తోంది" అంది.

"అలా ఉండకూడదనే విడగొట్టారట అత్తయ్యా. మూడూ ఒకళ్ళ దగ్గరే ఉంటే దానికేదో పేరు ఉంది. ఏంటక్కా అది?"

"నిరంకుశత్వం" అన్నాను గొంతు తగ్గించి.

"అంటే?" అంది అత్తయ్య చిక్కుడుకాయ పట్టుకుని.

పేపరు వెనక నుంచి మావయ్య, "పెద్దరికం అని అర్థంలే" అన్నాడు. అత్తయ్య సంతృప్తిగా కాయ తుంపింది.

మావయ్య మా ఇంటికి పేరుకు యజమాని. ఏ కాగితం వచ్చినా సంతకం ఆయనదే, ఆ కాగితంలో ఏముండాలో నిర్ణయించేది మాత్రం అత్తయ్య. అందువల్ల నామమాత్రపు అధిపతి అనే పాఠం మా తోటికోడలికి నేను చెప్పకుండానే వచ్చేసింది. అసలు అధికారం ఎవరి దగ్గర ఉంటుందో రెండు వాక్యాల్లో రాయమంటే తడుముకోకుండా రాసింది. పేర్లు మాత్రం కొట్టేయించాను.

బిల్లు చట్టంగా మారే దశలు ఎంత చెప్పినా ఎక్కలేదు. బిల్లంటే ఆమెకు కరెంటు బిల్లే. అది కడితే సరి, దానికి చర్చ ఎందుకు అంటుంది. రెండు సాయంత్రాలు చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఊదాను. మూడో రోజు తనే దారి కనిపెట్టుకుంది.

"ఇది దుప్పటి లాంటిదక్కా. బండి మీద వచ్చి దిగడం ప్రవేశపెట్టడం. మరకలు చూసి వేరుచేసేది కమిటీ. తొట్లో నానడం, మిషన్లో తిరగడం, జాడించడం, అవి మూడు పఠనాలు. అక్కడ అయిపోతే పక్క సభకి, అంటే రోలరుకి. ఆఖరికి స్టోరాయన ముద్ర వేస్తే అప్పుడది దుప్పటి."

"అంతకుముందు ఏంటి?"

"అంతకుముందు ఉత్త బిల్లు."

దాన్ని తప్పనడానికి నాకేమీ కనబడలేదు. పరీక్షలో దుప్పటి మాట ఎక్కడా రాయనని మాత్రం ఒట్టు వేయించుకున్నాను.

అలా ఒక్కొక్కటే దారికొచ్చింది. స్పీకరంటే మాట్లాడేవాడు కాదని, మాట్లాడేవాళ్ళను కూర్చోబెట్టేవాడని తెలిసి ఆశ్చర్యపోయింది. సంకీర్ణం గురించి చెబితే ఉమ్మడి వంటగది అని పట్టేసింది. సార్వభౌమాధికారం అన్న మాట మాత్రం నోరు తిరగక, లాండ్రీలో రోలరు దగ్గర పాటలా పాడుకునేదట. అక్కడి ఆడవాళ్ళకు కూడా ఆ మాట వచ్చేసింది. హక్కులు, విధులు పక్కపక్కన పట్టికలా గీయించి అప్పచెప్పించుకున్నాను, తడబడలేదు. మా అత్తయ్య కూడా వింటూ వింటూ కొన్ని పట్టేసింది. కూరలో ఎవరైనా రెండోసారి ఉప్పు వేసుకుంటే, "నా మీద అవిశ్వాస తీర్మానమా?" అని అడగడం మొదలుపెట్టింది. ఆ మాట వచ్చాక మేము చప్పగా తినడమే నయమనుకున్నాం.

పరీక్ష ముందు వారం ఆమె కుడిచేతి చూపుడువేలు పగిలి చీము పట్టింది. కట్టు కట్టుకుని కలం పట్టుకోవడం సాధన చేసింది. అక్షరాలు వంకర పోయేవి. "వంకరగా ఉన్నా ఫరవాలేదు, పొడుగ్గా మాత్రం రాయకు" అన్నాను. ఆ మాటకు నవ్వింది కానీ, ఆమె భయపడుతోందని నాకు తెలుసు. అన్నం కలుపుతూ మధ్యలో ఆగిపోయేది. ఏమిటంటే, "ఏం లేదు, ఎగువ సభ" అనేది.

పరీక్ష ఒక ఆదివారం పొద్దున, మా ఇంటికి నాలుగు స్టాపుల అవతల ఉన్న బడిలో. నేనూ వెంట వెళ్ళాను. గేటు బయట పిల్లల తల్లిదండ్రులు గుంపుగా నిలబడి ఉన్నారు. నా పక్కనున్నావిడ, "మీ అమ్మాయి రాస్తోందా?" అని అడిగింది. "కాదు, మా తోటికోడలు" అన్నాను. ఆవిడ ఒకసారి నన్ను చూసి, ఒకసారి గేటు వైపు చూసి, ఇక ఏమీ అడగలేదు. నేను మాత్రం ఆవిడకు నేను పదో తరగతి ఎప్పుడు పాసయ్యానో చెప్పాను.

పరీక్ష అయ్యాక మా తోటికోడలు నవ్వుతూ బయటికి వచ్చింది. చిన్నపిల్లల బల్లలో మోకాళ్ళు ఇరుక్కుని నొప్పిపుట్టాయట, అయినా అన్నీ రాసిందట, టైము కూడా మిగిలిందట. నా ప్రాణం లేచొచ్చింది. బస్‌స్టాపు బెంచీ మీద కూర్చుని ప్రశ్నాపత్రం విప్పాం. ఒక్కొక్కటీ అడుగుతూ పోయాను. చిన్న ప్రశ్నలు సగం పైగా తప్పాయి, శాఖలు మాత్రం సరిగ్గా రాసింది. బిల్లు రాసింది, దుప్పటి ఊసు ఎత్తలేదు. చివరకు పది మార్కుల ప్రశ్న దగ్గరికి వచ్చాం. ‘ఓటు వేయుట పౌరుని విధి. ఈ వాక్యమును సమర్థిస్తూ గాని, వ్యతిరేకిస్తూ గాని వ్రాయుము.’

"దీనికి ఏం రాశావు?"

"విధి కాదని రాశా."

"అంటే హక్కు అనా?"

"అదేం కాదు. విధి కాదని. నుదుటి రాత కాదని."

నేను కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను. విధులు అంటే ఆమెకు బాగా తెలుసు. ఆస్పత్రి గోడ మీద రోజూ చూసే మాటే అది, ఎవరెవరు ఏ షిఫ్టులో విధుల్లో ఉన్నారో రాసి అంటిస్తారు. నేను పట్టికలో గీయించింది కూడా విధులే. కానీ పేపరు పెట్టినాయన చివరి ‘లు’ తీసేశాడు. ఆ ఒక్క అక్షరం పోయేసరికి డ్యూటీ కాస్తా తలరాత అయి కూర్చుంది. మన భాషలో విధి అంటే ఎవరికైనా ముందు తలరాతే గుర్తొస్తుంది. విధి వక్రించింది అంటాం, అంతా విధి అంటాం. పౌరశాస్త్రం పుస్తకం రాసినవాళ్ళకే అది బాధ్యత.

"ఏం రాశావో మొత్తం చెప్పు" అన్నాను.

చెప్పింది. ఆమె రాసింది నాకు ఇప్పటికీ దాదాపు గుర్తుంది. "విధి అంటే మన చేతిలో లేనిది. పుట్టడం, పోవడం, జబ్బు పడటం విధి. ఓటు అలాంటిది కాదు. విధి అయితే ఇంట్లో పడుకున్నా జరిగిపోతుంది, ఓటు మాత్రం మనం లేచి వెళ్ళి లైన్లో నిలబడితే తప్ప పడదు. గెలిచినవాడు నా రాత అనుకోవచ్చు, ఓడినవాడు నా ఖర్మ అనుకోవచ్చు. వేసినవాళ్ళు మాత్రం అలా అనకూడదు. వాళ్ళు కూడా విధి అంటే ఇంక అడగడానికి ఎవరూ మిగలరు. కాబట్టి ఈ వాక్యాన్ని నేను వ్యతిరేకిస్తున్నాను."

విన్నాక నాకు ఒళ్ళు మండిపోయింది. మాటలు బాగానే ఉన్నాయి, అదే ఇంకా మండించింది. "విధి అంటే ఇక్కడ బాధ్యతే. పౌరుడి బాధ్యత. అంత చదివించాను, ఆ మాత్రం తెలియదా?"

"బాధ్యత అని రాయొచ్చు కదా మరి."

"నీకోసం పుస్తకాలు మార్చి రాస్తారు, కూర్చో."

బస్సు వచ్చింది, ఎక్కాం. దిగేదాకా ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఇంటి మలుపు దగ్గర, "పది మార్కులు మొత్తం పోయినట్టేనా అక్కా?" అంది. "పోయినట్టే" అన్నాను. కోపంలో ఉన్నాను, అబద్ధం చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదు.

ఇంట్లో విషయం తెలిశాక అత్తయ్య ప్రశ్న మళ్ళీ చదివించుకుంది. "సమర్థించు, లేకపోతే వ్యతిరేకించు అన్నారా లేదా? ఇది వ్యతిరేకించింది. ఇంకేం కావాలి వాళ్ళకి?" అని తీర్పు చెప్పేసింది. అత్తయ్యా, మాటకు అర్థం వేరు అని నేనంటే, "అర్థాలు నాకు చెప్పకు. నా పెళ్ళినాటి నుంచీ విధి అంటే విధే" అంది. ఆవిడ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఫలితాలు రావడానికి నెల పైనే పట్టింది. ఆ నెలంతా ఆమె తొట్ల దగ్గరకే వెళ్ళింది. వేలికి కట్టు, కట్టు మీద తొడుగు, తొడుగులోకి నీళ్ళు. ఆ వేలు మానక ఎడమచేతితో పిండటం మొదలుపెడితే, ఎడమచెయ్యీ పగిలింది. ఇంట్లో గిన్నెలు నేను తోముతానంటే మొదట ఒప్పుకునేది కాదు. తరువాత అడగకుండానే పక్కకు తప్పుకోవడం మొదలుపెట్టింది. అది చూసి నాకు భయం వేసింది. స్టోరు ముసలాయన అరలన్నీ దులిపి, తన టీగ్లాసు ఇంటికి పట్టుకుపోయాడట. బయటి నుంచి ఒక అబ్బాయి వచ్చి స్టోరు చూసి వెళ్ళాడని కూడా చెప్పింది.

ఒక సాయంత్రం నా మిషను పక్కనే, పుస్తకం లేకుండా వచ్చి కూర్చుంది. "ఈసారి తప్పితే ఇంక రాయనక్కా. నాకు ఓపిక లేదు. ఆ తొట్ల దగ్గరే ఉంటాను, ఎన్నాళ్ళు ఉండగలిగితే అన్నాళ్ళు."

"ఉండి?"

"చేతులు పనికిరాకుండా పోతే వాళ్ళే పంపించేస్తారు."

ఏడవలేదు. మామూలుగానే చెప్పింది. నాకే ఏడుపొచ్చి, దారం తెగిందని వంక పెట్టి సూది మీదికి వంగాను. బస్‌స్టాపులో అంత గట్టిగా అనకుండా ఉండాల్సింది అనిపించింది. కానీ నేను ఆ మాట పైకి అనే మనిషిని కాదు.

ఫలితాలు ఒక మధ్యాహ్నం వచ్చాయి. ఆమె డ్యూటీలో ఉంది. నాలుగో తరగతి చదివే ఆమె కూతురే మావయ్య ఫోనులో నంబరు కొట్టి చూసింది. "పెద్దమ్మా, ఇక్కడ పాస్ అని ఉంది. అది అమ్మదేనా?" అంది. నేను ఫోను లాక్కుని నంబరు రెండుసార్లు సరిచూశాను. ముప్పై అయిదు వస్తే పాస్, ఆమెకు ముప్పై ఎనిమిది వచ్చాయి. అత్తయ్య, "చెప్పానా?" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. మావయ్య చెప్పులేసుకుని, అడగకుండానే, కబురు చెప్పడానికి ఆస్పత్రికి నడిచాడు. నామమాత్రపు అధిపతి అంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు.

నేను మాత్రం ప్రశ్నాపత్రం తీసి లెక్క వేశాను. మిగతా ప్రశ్నలకు ఎంత ధారాళంగా వేసినా, ఆ పది మార్కుల ప్రశ్నకు సున్నా పడితే పాస్ కాదు. అంటే దిద్దినాయన ఎంతో కొంత వేశాడు. ఎందుకు వేశాడో ఆయనకే తెలియాలి. ఆయనకూ ఆ మాట చదవగానే మొదట తలరాతే గుర్తొచ్చిందేమో, అంతవరకే నేను ఒప్పుకుంటాను. "నిద్రమత్తులో దిద్ది ఉంటాడు" అని ఆ సాయంత్రం ఆమెతో అన్నాను.

"అయితే?" అంది, కట్టు విప్పుకుంటూ.

మేట్రనమ్మ మాట తప్పలేదు. ముసలాయన దిగిన మర్నాటి నుంచి మా తోటికోడలు స్టోరులో కూర్చుంది. మొదటి వారమే వార్డు ఆయాలతో గొడవ పడింది. నాలుగు దుప్పట్లు కావాలని వస్తే, అయితే పాత నాలుగూ ఏవి అని అడుగుతుందట. అడిగితే తప్పేముంది? నాకైతే సబబుగానే అనిపించింది.

వానాకాలం వెళ్ళాక, ఒక పొద్దున బడి వేళకు పిల్ల రోజూలాగే దువ్వెన పట్టుకుని నా మిషను దగ్గరికి వచ్చి, నాకు వీపు పెట్టి కూర్చుంది. మూడేళ్ళుగా ఆ తల నేనే దువ్వుతున్నాను. వాళ్ళమ్మ దువ్వబోతే చేతి పగుళ్ళకు వెంట్రుకలు చిక్కుకుని తెగేవి, పిల్ల గోల పెట్టేది. ఒకసారి ఇద్దరూ ఏడ్చారు. అప్పటి నుంచి జడ నా పనైంది.

"ఇటు రా, ఇవాళ నేను వేస్తా" అంది వాళ్ళమ్మ వంటింటి గుమ్మంలోంచి.

పిల్ల కదల్లేదు. వెనక్కి తిరిగి నా మొహం చూసింది. నాకు పిల్లల్లేరు. పొద్దున్నే ఆ కాసేపు ఆ తల నా మోకాళ్ళ మధ్య ఉండటం నాకెంత అలవాటైందో అప్పుడే తెలిసింది. "వెళ్ళు" అన్నాను.

వెళ్ళి వాళ్ళమ్మ ముందు కూర్చుంది. భుజాలు చెవుల దాకా ఎత్తి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఎప్పుడు లాగుతుందా అని చూస్తోంది. వాళ్ళమ్మ పాయలు విడదీసింది. వేళ్ళు జుట్టులోంచి నీళ్ళలా జారిపోయాయి. ఇంకోసారి దువ్వింది, మళ్ళీ జారాయి. పిల్ల ఒక కన్ను తెరిచింది. నెమ్మదిగా భుజాలు కిందికి దిగాయి. తరువాత వెనక్కి ఒరిగి వాళ్ళమ్మ మోకాలికి తల ఆనించి, అలాగే ఉండిపోయింది. వాళ్ళమ్మ కాసేపు జడ సంగతి మరిచిపోయి ఆ తల నిమురుతూ కూర్చుంది. బడికి ఆలస్యమవుతోందని అత్తయ్య కూడా అనలేదు.

జడ వంకరగా వచ్చింది. పిల్ల అద్దంలో చూసుకుని, సంచీ తగిలించుకుని వెళ్ళిపోయింది. ఎవరేం చేసినా ఏదో ఒకటి అనకుండా ఉండలేను నేను. ఆ రోజు మాత్రం మిషను తొక్కుతూ ఊరుకున్నాను.